పెరటాసి నెలలో దీవి హోటలు

“పులిహోర ఇప్పుడే కలిపి పెట్టేస్తావా, పొద్దున్నే లేచి కలపతావా?”

శుక్రవారం సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ గిరిప్రసాద్ అడిగాడు. వంటింట్లో గిన్నెలు తోముతున్న చంద్రకాంత చెయ్యి ఆపకుండానే జవాబు చెప్పింది.

“ఈ తూరి సద్ది కట్టేది లే. ఆడ వాళ్ళే పెడతారు గదా, తిందాము.”

గిరిప్రసాద్ ఒక చెప్పు విప్పి, రెండోది కాలికే ఉంచుకుని కాసేపు అట్లాగే నిలబడిపోయాడు. ఆయన్ని అనడానికీ లేదు. పంతొమ్మిదేళ్ళ కాపురంలో చిత్తూరులోని ఆ ఇంటి గడప దాటి ఆ కుటుంబం ఎక్కడికి పోయినా వెంట ఒక సంచి పోయేది. కాణిపాకం పోయినా, తిరుమల పోయినా, మద్రాసు ఆస్పత్రికి పోయినా అంతే. ఆఖరికి పెళ్ళిళ్ళకు పోయినా అంతే. పెళ్ళివాళ్ళ భోజనం ఆలస్యమైతే పెద్దామెకు కళ్ళు తిరుగుతాయని ఆ సంచిలో పెరుగన్నం డబ్బా ఒకటి ఉండాల్సిందే. పులిహోర, ఊరిబిండి పచ్చడి, వేయించిన చెనిక్కాయలు, ఆకులు, నీళ్ళ క్యాను. బస్సులో అందరూ కిటికీలోంచి కొండలు చూస్తుంటే, చంద్రకాంత మాత్రం ఆ సంచి వొరగకుండా కాళ్ళ మధ్య పట్టుకుని కూర్చునేది.

“హోటలోళ్ళు గిన్నెలు ఎట్ల కడుగుతారో ఏమో” అంది అత్తగారు వరలక్ష్మమ్మ వసారాలోంచి. ఎవరితోనో అన్నట్టు అనడం ఆమెకు అలవాటు. ఆ ఎవరో ఎప్పుడూ కోడలే.

చంద్రకాంత తోమిన గిన్నె బోర్లించింది. ఈ ఒక్క సంగతిలో ఆమె గట్టిగానే ఉంది. ఎందుకంటే ఆ హోటలు మాట అయిదు వారాలుగా ఆమె మనసులో నానుతోంది. దాని వెనక కథ చెబితే గానీ సంగతి తెలియదు.

గిరిప్రసాద్ పూతలపట్టు రోడ్డులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్వైజరు. కాయల కాలం రెండు నెలలూ ఆ ఫ్యాక్టరీకి ఊపిరి సలపదు. మిషన్లు బాగుచేసేవాళ్ళు, సరుకు పరీక్ష చేసేవాళ్ళు, మద్రాసు నుంచి వచ్చే కొనుగోలుదారులు రోజూ పది పన్నెండు మంది దిగుతారు. దగ్గర్లో చెప్పుకోదగ్గ భోజనశాల లేదు. “మా ఇంట్లోనించి తెప్పిస్తాను సార్, అదేమంత పని” అని గిరిప్రసాద్ ఒకసారి యజమానితో అన్నాడు. ఆ ‘అదేమంత పని’ రెండు నెలలు సాగింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పప్పు, రెండు కూరలు, చారు, వడియాలు చేసి, పదకొండింటికల్లా క్యారియర్లు కట్టి ఆటో ఎక్కించేది చంద్రకాంత. సాయంత్రం ఖాళీ క్యారియర్లు వచ్చేవి. వాటి అడుగున చేపల ముల్లో, కోడి ఎముకలో, నిమ్మడిప్పలో ఉండేవి. వాటినిబట్టి ఆ రోజు ఎవరికి ఏది నచ్చిందో ఆమె ఊహించుకునేది.

సీజన్ అయిపోయాక చిన్న ఫంక్షన్ పెట్టారు. యజమాని మునిరామయ్య గిరిప్రసాద్‌కు శాలువా కప్పి, ఒక కవరు చేతికిచ్చాడు. పులికాట్ సరస్సులో ఒక దీవి మీద ఆయనకు తెలిసినవాళ్ళు కొత్తగా హోటలు కట్టారట. నలుగురికి ఒక రోజు, ఒక రాత్రి బస, భోజనాలతో సహా. మునిరామయ్య మైకు పట్టుకుని ఆడవాళ్ళ వరసవైపు తిరిగి, “అమ్మా, రెండు నెల్లు మేమందరం నీ చేతి కూడు తిన్నాము. ఒక దినం నువ్వు కూడా పోయి, ఇంకొకరు వండింది కూర్చోని తినిరా తల్లీ” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గిరిప్రసాద్ శాలువా సర్దుకుని ఫోటోకు నిలబడ్డాడు.

చంద్రకాంతకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనకే నవ్వొచ్చింది, ఇంతోటి దానికి ఏడుపేమిటని. కానీ కూర్చుని తినడం అన్న మాట ఆమెను వదల్లేదు. ఏం పెడతారన్నది కాదు ఆమె ఆలోచన. బల్ల ముందు కూర్చోవాలి. ప్లేటు తనదాకా రావాలి. అన్నంలోంచి ఆవిరి లేస్తుండగా మొదటి ముద్ద తినాలి. మధ్యలో ఎవరూ నీళ్ళని, ఉప్పని, అప్పడమని కేకెయ్యకూడదు. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి ఇంతకన్నా పెద్ద కోరికలు కోరుకోవచ్చు. ఆమెకు మాత్రం ఇదే కావాలనిపించింది, గట్టిగా కావాలనిపించింది. దాని కోసం అంచున్న ఆకుపచ్చ చీర ఒకటి ఇస్త్రీ చేయించి పెట్టుకుంది కూడా.

తేదీ కుదిర్చింది గిరిప్రసాద్. “ఇప్పుడైతే జనం ఉండరు, రూములు ఖాళీగా ఉంటాయంట” అని శనివారం, ఆదివారం ఖాయం చేశాడు. అది పెరటాసి నెల రెండో శనివారం. పెరటాసి అంటే ఆ పక్క చెప్పాల్సిన పని లేదు. గోవిందుడి నెల. మాంసం, చేప, ఏ నీచూ ఇంట్లోకి రాదు. శనివారాలైతే పెద్దవాళ్ళు ఒక్కపొద్దుంటారు. చంద్రకాంత పుట్టింట్లో శనివారాలు మాత్రమే నీచు ముట్టరు, మిగతా రోజులు మామూలే. మెట్టినింట్లో నెలంతా నిష్ఠే. గిరిప్రసాద్‌కు ఏడేళ్ళప్పుడు విషజ్వరం వస్తే, బిడ్డ బతికితే ఇంటిల్లిపాదీ పెరటాసి నెలంతా నీచు ముట్టమని వరలక్ష్మమ్మ స్వామికి మొక్కుకుంది. బిడ్డ బతికాడు. తర్వాత ఆ ఇంటికి వచ్చిన కోడలికి ఆ మొక్కు కూడా గాజులతో పాటే వచ్చింది.

నీచు తినకూడదని ఇంట్లో అందరికీ గుర్తుంది. చుట్టూ నీళ్ళున్న చోట, జాలరుల దీవిలో, చేప తప్ప ఇంకేం వండుతారన్నది మాత్రం ఒక్కరికీ తట్టలేదు. చిత్తూరు మనుషులకు హోటలంటే ఇడ్లీ, దోశ, సాంబారన్నం. అవి లేని హోటలు కూడా భూమ్మీద ఉంటుందని వాళ్ళు అనుకోలేదు. చంద్రకాంతకూ తట్టలేదు, దాచిపెట్టడమెందుకు.

శనివారం చీకటితో బయల్దేరి, తిరుపతిలో బస్సు మారి, సూళ్ళూరుపేట నుంచి ఆటోలో రేవుకు చేరేసరికి పదకొండయింది. పదిహేనేళ్ళ మహిత దారంతా అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. పడవ ఎక్కాక మాత్రం లేచి కూర్చుంది. సంచి లేని చంద్రకాంత చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు ఆకాశమంత ఉన్నాయి. గాలికి మొహానికి ఉప్పు తగులుతోంది. ఎంత బాగుందో అనుకుంది.

హోటలు దగ్గరకొచ్చేసరికి ఆ బాగుండడం కొంత తగ్గింది. కవరులో ఉన్న కాగితం మీద నీలం రంగు ఈతకొలను బొమ్మ వేశారు. ఇక్కడ ఆ కొలనులో నీళ్ళు లేవు, రెండు మేకలు పడుకుని ఉన్నాయి. గోడలకు కొత్త సున్నం ఉప్పుగాలికి పెచ్చులు పెచ్చులుగా లేచింది. కరెంటు సాయంత్రం ఆరింటికి జనరేటరు వేస్తేనే. కొళాయి నీళ్ళు నోట్లో పెట్టుకుంటే ఉప్పుకల్లు చప్పరించినట్టే. దుప్పటి మీద ఎవరిదో తలనూనె మరక తల ఆకారంలోనే ఉంది.

“సీజను కాదు గదండీ, ఇంకా సెట్ చేస్తున్నాము” అన్నాడు మేనేజరు జయరావు. నవ్వు మొహం మనిషి. ఏదడిగినా ముందు “తప్పకుండా” అని, తర్వాత లేదనే రకం.

చంద్రకాంతకు ఇవేమీ లెక్కలోకి రాలేదు. దుప్పటి తిరగేసి పరిచి, ఆకుపచ్చ చీర కట్టుకుని, పూలు పెట్టుకుని భోజనాల హాలుకు వచ్చింది. సరస్సు కనిపించే కుర్చీ చూసుకుని కూర్చుంది కూడా. పక్క బల్లల దగ్గర తిరుపతి నుంచి వచ్చిన ఎనిమిది మంది ఉన్నారు. రిటైరైన హెడ్మాస్టరు గోవిందస్వామి, ఆయన భార్య, వాళ్ళ చుట్టాలు. వాళ్ళ నొసట కూడా నామాలున్నాయి. వాళ్ళ మొహాలు అప్పటికే వాడిపోయి ఉన్నాయి.

జయరావు వచ్చి ఏమేమి ఉన్నాయో చదివాడు. చేపల పులుసు, చేపల వేపుడు, రొయ్యల కూర, పీతల కూర.

“నీసు లేకుండా ఏముండాది?” అన్నాడు గిరిప్రసాద్.

“తప్పకుండా సార్. అన్నముంది. అదీ ఆ పొయ్యిమీదే వండాము అనుకోండి.”

వరలక్ష్మమ్మ రెండు చేతులూ చెవులకు పెట్టుకుని “గోవిందా గోవిందా” అంది. నిన్న రాత్రి నుంచి ఆమె కడుపులో మంచినీళ్ళు తప్ప లేవు. ఒక్కపొద్దు విడిచేది ఈ పూటే. “ఆ గంటెలు, ఆ చట్లు, అన్నీ నీసే గదరా. నేను పస్తుంటాలే నాయనా, నా కోసరం మీరేం బాధపడొద్దండి” అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

“అప్పటికీ అడిగినాను, పులిహోర కలపతావా అని” అన్నాడు గిరిప్రసాద్.

ఆ మాటతో అందరూ చంద్రకాంత వైపు చూశారు. తేదీ కుదిర్చిన మనిషిని ఎవరూ చూడలేదు. ఆమెకు కూడా ఒక్క క్షణం నిజంగానే తప్పు చేసినట్టు అనిపించింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు అట్లాంటిది. ఏది చెడినా ముందు ఆమె లోపల ‘అయ్యో నేను చూసుకోనుండాల్సింది’ అని మోగుతుంది. తర్వాత ఎప్పుడో, అంట్లు తోముతున్నప్పుడు, అదెట్లా నా తప్పయింది అని తోస్తుంది. అప్పటికి అడిగేందుకు ఎవరూ మేలుకొని ఉండరు.

రేవుకు మనిషిని పంపిద్దామంటే పడవ వెనక్కు వెళ్ళిపోయింది. ఉన్న ఒక్క చిన్న మోటారు పడవ సాయంత్రం పక్షులు చూపించడానికి. పనివాళ్ళ కోసం తెచ్చుకున్న కందిబేడలు, టమోటాలు, ఎర్రగడ్డలు, నాలుగు వంకాయలు ఉన్నాయన్నాడు జయరావు. ఇంకా సీలు విప్పని కొత్త గిన్నెలు గోడౌనులో ఉన్నాయట. వంటచేసే కుప్పమ్మకు మాత్రం చేప తప్ప వేరే వంట చేతకాదట.

“అంతే గదా! ఒక పొయ్యి కడిగిచ్చియ్యండి. మా ఆవిడ చేసేస్తాది, అదేమంత పని” అన్నాడు గిరిప్రసాద్. ఊరికే ఆగలేదు. తిరుపతి వాళ్ళ వైపు తిరిగి, “మీరు కూడా మొహమాట పడొద్దండి సార్. సీజన్లో దినానికి పన్నెండు మందికి చేసి పంపించిన చెయ్యి అది” అని వాళ్ళనూ కలుపుకున్నాడు.

“నేను వచ్చి టమోటాలు తరగనా?” అని లేవబోయింది హెడ్మాస్టరు భార్య.

“నీకు మోకాళ్ళ నొప్పులు గదా, కూర్చో” అన్నాడు గోవిందస్వామి. తర్వాత చంద్రకాంతతో “శ్రమ ఇస్తా ఉండాము తల్లీ. స్వామి నీ చేత చేయించుకుంటాండాడు” అన్నాడు.

స్వామి పేరు చెప్పాక ఇంకేం మాట్లాడుతుంది? లేచింది.

“ఆ మంచి చీర ఎందుకే పొయ్యికాడ, ముతకది కట్టుకోనిపో” అంది వరలక్ష్మమ్మ. ఇప్పుడు గొంతులో నీరసం లేదు.

చంద్రకాంత గదికి పోయి, ప్రయాణంలో కట్టుకున్న నలిగిన నూలు చీరే మళ్ళీ చుట్టుకుంది. హోటలు వంటిల్లు వెనకవైపు రేకుల షెడ్డు. కట్టెలపొయ్యి, పొగ, నాలుగు గంపల చేపలు. కుప్పమ్మ యాభై ఏళ్ళ మనిషి. మాటామంతీ లేకుండా ఒక మూల ఊడ్చి, నీళ్ళు చల్లి, మూడు రాళ్ళు పేర్చి వేరే పొయ్యి పెట్టింది. వరలక్ష్మమ్మ వాకిట్లో నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా, “ఆ గంటె వద్దు, నీసు గంటె. ఆ నీళ్ళు వద్దు, ఈ బిందెవి తీసుకో” అని చెయ్యాల్సినవన్నీ చేయించింది. పన్నెండు మందికి పప్పు, చారు, వంకాయ కూర, ఎసట్లో బియ్యం. మూడు గంటలకు ఆకులు వేశారు. వడ్డించే మనిషి కూడా నీచు ముట్టిన మనిషి కాకూడదు గనక వడ్డనా ఆమెదే.

“ఆహా, దీవిలో అమృతం” అన్నాడు గోవిందస్వామి. “మా ఇంట్లో దినామూ ఇంతే సార్” అన్నాడు గిరిప్రసాద్, తనే వండినంత సంతోషంగా.

నాలుగింటికి పక్షుల పడవ. రోజుకు ఒకటే ట్రిప్పు. చంద్రకాంత ఇంకా తినలేదు.

“అమ్మ రానీ నాయనా” అంది మహిత.

“నువ్వు నిదానంగా తినిరా, పడవ ఆపుతాము” అని చెప్పి గిరిప్రసాద్ అందరినీ వెంటబెట్టుకుపోయాడు. ఆమె గిన్నె అడుగున ఉన్న పప్పు గీరి వేసుకుని, చల్లారిన అన్నంలో కలిపి, రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి మోటారు చప్పుడు వినిపించింది. ఎంగిలి చేత్తోనే ఒడ్డుకు పరుగెత్తింది. పడవ అప్పటికే చిన్నదైపోయింది. వెనక కూర్చున్న మహిత చెయ్యి ఊపుతోంది. రమ్మనో, పోయొస్తామనో తెలియలేదు.

ఏడవలేదు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని మిగిలిన అన్నం తినింది. 

కుప్పమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చుంది.

“మనం తినే టయానికి అన్నీ సల్లారిపోతాయి. ఎన్నేళ్ళ నించి చేస్తాండావు వీళ్ళ దగ్గర?”

చంద్రకాంతకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమయింది. నేను వంటమనిషిని కాదమ్మా, ఆ ఇంటి ఇల్లాల్ని అని చెప్పడానికి నోరు తెరిచింది. ఎందుకో ఆ మాట రాలేదు.

“పంతొమ్మిదేళ్ళు” అంది.

“అబ్బో! ఒకే ఇల్లు పట్టుకోని ఉండావే. యాడికి పోయినా ఎంటబెట్టుకోని పోతారా?”

“పోతారు.”

“సెలవిస్తారా?”

చంద్రకాంత నిజాయితీగా ఆలోచించింది. “బిడ్డ పుట్టినప్పుడు మూడు నెల్లు” అంది. “మా నాయన పోయినప్పుడు పదకొండు దినాలు. అప్పుడు కూడా మధ్యలో వచ్చి వీళ్ళకు ఊరగాయ పెట్టేసి పోయినాను, మామిడికాయలు చెడిపోతాయని.”

“అయ్యో. బాగా చూసుకుంటారా మరి?”

ఇది కష్టమైన ప్రశ్న. గిరిప్రసాద్ తాగడు. చెయ్యెత్తడు. జీతం తెచ్చి ఇంట్లోనే ఇస్తాడు. అత్తగారు నోటితో గుచ్చుతుందే గానీ అన్నం దగ్గర ఆంక్ష పెట్టదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ‘నీకేమమ్మా చంద్రా’ అంటారు. ఆ మాటకు ఇన్నేళ్ళూ ఆమె కూడా తలూపుతూనే వచ్చింది.

“మంచోళ్ళే” అంది.

“ఆ, మంచోళ్ళే ఉంటార్లే” అంది కుప్పమ్మ లేచి కట్టె ఎగదోస్తూ. “సెడ్డోళ్ళయితే ఎప్పుడో వదిలేసి పోయుందువు. నాకైతే ఆదివారం మజ్జానం నించి సెలవు. ఒకతూరి మేనేజరు పిలిస్తే రానన్జెప్పినాను. ఏం జేసినాడు? ఏం జెయ్యలే. ఆ పూట ఆయప్పే అన్నం వండుకున్యాడు.”

చంద్రకాంత ఆకు మడిచింది.

చీకటి పడకముందే పడవ వచ్చింది. “అమ్మా, గులాబిరంగు కొంగలు, ఎన్నుండాయో తెలుసా!” అంటూ మహిత పరుగెత్తుకొచ్చి ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. వెనకాలే గిరిప్రసాద్ వచ్చి, “డ్రైవరు ఆగలే చంద్రా. ఏముందిలే, కొంగలే గదా, మన చెరువులో చూడని కొంగలా? మే, అందరికీ టీ పెట్టు” అన్నాడు.

కుప్పమ్మ ఆ పిల్లను, ఆ మనిషిని, చంద్రకాంత మెడలో తాళిని మార్చి మార్చి చూసింది. “మీ ఇంటాయనా? అయ్యో తల్లీ, తప్పనుకోవద్దు. వాళ్ళు తెచ్చుకున్న వంటమనిషివి అనుకున్యాను” అంది.

గిరిప్రసాద్ పగలబడి నవ్వాడు. రాత్రి భోజనాలప్పుడు ఆ ముచ్చట అందరికీ చెప్పాడు. ఆ భోజనం ఎవరు వండారో చెప్పక్కర్లేదు కదా. “మా ఆవిడను వంటమనిషి అనుకునిందంట సార్!” గోవిందస్వామికి నవ్వుతో పొలమారింది. చంద్రకాంత వచ్చి నీళ్ళు పోసింది.

“మరి ఆ పాత చీర సుట్టుకోని పోతే ఎవురైనా అట్లే అనుకుంటారు” అంది వరలక్ష్మమ్మ.

చంద్రకాంత కూడా నవ్వింది, అలవాటు కొద్దీ. కానీ నీళ్ళ జగ్గు బల్లమీద పెడుతుంటే ఈ వేసవి సంగతి ఒకటి గుర్తొచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన ఒక కొనుగోలుదారు ఫ్యాక్టరీ గేటు దగ్గర గిరిప్రసాద్‌ను వాచ్‌మన్ అనుకుని చేతికి సూట్‌కేసు ఇచ్చాడు. ఆ అవమానానికి గిరిప్రసాద్ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. “నన్ను పట్టుకోని అంత మాట! ఎంత పొగరు!” అని గోడలు అదిరేలా అరిచాడు. ఆ రెండు రోజులూ పక్కన కూర్చుని, బుజ్జగించి, చల్లారిన అన్నం మళ్ళీ వేడిచేసి తినిపించింది ఆమె. ఆయన విషయంలో ఎవరో ఒక్క నిమిషం పొరపాటు పడితే అది అంత పెద్ద గాయం. ఆమె విషయంలో అది నవ్వులాట. వీళ్ళలో ఒక్కరికీ కోపం రాలేదేం? ఆ ఇంట్లో తన పనిని పనిగా చూసిన మొదటి మనిషి, పొరపాటున చూసినా సరే, ఈ చేపల కుప్పమ్మేనా? అప్పుడొచ్చింది కోపం. ఆలస్యంగా వచ్చింది గానీ, వచ్చి ఇక పోలేదు.

ఆదివారం పొద్దున నిద్రలేచి స్నానం చేసి ఆకుపచ్చ చీర కట్టుకుంది. తూర్పు తిరిగి చేతులు జోడించి “గోవిందా” అంది. ఆమెకు స్వామి అంటే భయం కన్నా చనువెక్కువ. రోజూ పొయ్యి ముట్టించేటప్పుడు మొదట మాట్లాడేది ఆయనతోనే. ఈ పొద్దు మాట్లాడింది పొయ్యి దగ్గర కాదు, అంతే తేడా.

హాలులో అప్పటికే అందరూ చేరారు. పడవ తొమ్మిదింటికి. టైము ఏడున్నర.

“వచ్చినావా” అన్నాడు గిరిప్రసాద్. “బొంబాయి రవ్వ ఉండాదంట. ఎనిమిదికంతా ఉప్మా కిండేసినావంటే అందరం తినేసి పడవెక్కొచ్చు. సార్ వాళ్ళకు కూడా చెప్పేసినాను.”

చంద్రకాంత నిన్నటి కుర్చీ లాక్కుని, సరస్సుకు ఎదురుగా కూర్చుంది. లోపలికి వినపడేలా పిలిచింది.

“కుప్పమ్మా! ఏం చేసినావు పొద్దున్నే?”

“వలలో పడిన కొయ్యింగ చేపలు తల్లీ. ఎండు మావిడికాయేసి పులుసు పెట్టినా. మా పనోళ్ళ కోసరం.” కుప్పమ్మ వాకిట్లోకి వచ్చి అనుమానంగా చూసింది. “మీరు తినరు గదా.”

“నేను తింటాను. వేడన్నంలో పెట్టుకోని రా.”

 వరలక్ష్మమ్మ కుర్చీలోంచి సగం లేచింది. “ఏం మే, మతుండే మాట్లాడతాండావా? పెరటాసి నెల!”

“ఈ పొద్దు ఆదివారం అత్తా. మా నాయనింట్లో శనివారం ఒకటే ముట్టము.”

“మరి మన మొక్కు?”

“మొక్కుకున్నది మీరు. మీ కొడుకు బతకాలని మొక్కుకున్నారు, బతికినాడు. సంతోషం. పంతొమ్మిదేళ్ళు నేను కూడా తీర్చినాను. నన్ను ఎవురూ అడగలేదు, నేనూ కాదనలేదు. ఈ పొద్దుకు నన్ను వదిలిపెట్టండి. స్వామికి నేను చెప్పుకున్నాను.”

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వాళ్ళకు సులభంగా ఉండేది. గిరిప్రసాద్ అటూ ఇటూ చూసి, తిరుపతి వాళ్ళ ముందు నవ్వబోయి, నవ్వు కుదరక దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

“చంద్రా, అందరి ముందర ఏందిది? రాత్రి మాటకు కోపమొచ్చినాదా? ఊరికే నవ్వులాటకు అన్న్యాను గదా. లెయ్. అర్ధగంట పని.”

“కోపమే వచ్చినాది” అంది చంద్రకాంత. “పడవ తప్పినప్పుడు ఏడుపొచ్చినాది. రాత్రి మీరు నవ్వినప్పుడు కోపమొచ్చినాది. ఇప్పుడు ఆకలేస్తా ఉండాది.”

కుప్పమ్మ పళ్ళెం తెచ్చింది. అన్నం మీంచి ఆవిరి లేస్తోంది. ఎర్రటి పులుసులో రెండు ముక్కలు, ఒక మామిడి బద్ద. బల్లమీద పెట్టి, “ముల్లు సూసుకోని తిను తల్లీ” అని పక్కనే నిలబడింది. చంద్రకాంత మొదటి ముద్ద కలిపింది. వేళ్ళు కాలాయి. ఊదుకుని నోట్లో పెట్టుకుంది. పులుపు, కారం, వేడి. ఇంకొకరు చేసిన ఉప్పు. కళ్ళు మూసుకుని నమిలింది. ఎవరేమనుకున్నా సరే, ఆ ముద్ద దిగేదాకా ఆమె కళ్ళు తెరవలేదు.

తెరిచేసరికి గిరిప్రసాద్ కూతురి వైపు తిరిగి ఉన్నాడు.

“మహీ, నువ్వన్నా లెయ్ నాయనా. పెద్దోళ్ళు పస్తుండారు. అమ్మ చేసేది దినామూ చూస్తాంటావు గదా, పోయి రవ్వ వేయించు.”

మహిత లేచింది. ఆడపిల్లలు లేచేటట్టే, ఆలోచించకుండా లేచింది. అంతవరకు నెమ్మదిగా ఉన్న చంద్రకాంత చేతిలో ముద్ద పళ్ళెంలోనే వదిలేసింది. తనకేం జరిగినా ఓర్చుకునేది. కానీ ఆ లేవడం ఉంది చూశారూ, అది తను ఈ ఇంట్లో మొదటిరోజు లేచిన లేవడమే. ఎడమ చేత్తో పిల్ల మణికట్టు పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

“కుప్పమ్మా, బిడ్డకొక పళ్ళెం. నీసు వద్దంటే ఉత్త అన్నంలో నెయ్యేసి పెట్టు.”

“పులుసే పెట్టక్కా” అంది మహిత నెమ్మదిగా, నాయన వైపు చూడకుండా.

గోవిందస్వామి పంచె సర్దుకుని గొంతు సవరించుకున్నాడు గానీ, ఆయన భార్య ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.  జయరావు ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు. వెనక షెడ్డులో నిన్నటి మూడు రాళ్ళ పొయ్యి అట్లాగే ఉంది. రవ్వ, నూనె, ఎర్రగడ్డలు అన్నీ అరుగు మీద తీసి పెట్టే ఉన్నాయి.

గిరిప్రసాద్ రెండు చేతులూ చాచాడు. ఆ చేతులతో ఏం చేయాలో నిజంగానే తెలియని మనిషిలా ఉన్నాడు.

“అంటే ఏంది, నన్ను పోయి చెయ్యమంటావా? నాకు ఉప్మా చేసేది వస్తాదా ఏమన్నా?”

చంద్రకాంత చేపముక్కలోంచి ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది.

“మీ ఇంటికి వచ్చినప్పుడు నాకూ రాదు” అంది. “మీ అమ్మ పక్కన నిలబడి నేర్పిచ్చినారు. ఈడనే కూర్చోనుండారు గదా, అడగండి.”